అమ్మమ్మ ఉంది, చిన్నాన్న ఉన్నాడు, పిల్లలు పక్కింట్లో పెరుగుతున్నారు: గజపతి జిల్లా ఫోస్టర్ కేర్ కేసు

ఇది ఫోస్టర్ కేర్ కేసు, అంటే రక్తసంబంధం లేని ఇంట్లో పిల్లల్ని పెంచే ఏర్పాటు. పిల్లలు ఇద్దరు. అక్కకి పదకొండేళ్లు, తమ్ముడికి ఏడేళ్లు. ఊరు ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి నుంచి కాశీనగర్ వెళ్లే వైపు ఉన్న తెలుగు పల్లె. తండ్రి పెయింటింగ్ పనికి చెన్నై వెళ్లి, బిల్డింగ్ మీద నుంచి పడి చనిపోయాడు. కార్మికుడిగా ఎక్కడా పేరు నమోదు కాలేదు కాబట్టి నష్టపరిహారం ఏమీ రాలేదు. ఆ తర్వాత కొన్నాళ్లకి తల్లికి టీబీ వచ్చింది. మందులు సగంలో ఆపేసి కూలికి వెళ్లింది, మళ్లీ పడింది, ఈసారి లేవలేదు.

పిల్లల పేర్లు, ఊరి పేరు, పెంచుకుంటున్న వాళ్ల పేర్లు రాయడం లేదు. జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 74 ప్రకారం ఇలాంటి పిల్లల్ని గుర్తుపట్టే వివరం ఏదీ బయటపెట్టకూడదు. కేసు అర్థం కావడానికి అవసరం లేని ఒకటి రెండు వివరాలు కొంచెం మార్చాను.

నేను ఈ జిల్లాలో పిల్లల కోసం పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థలో సోషల్ వర్కర్‌ని. తెలుగు మాట్లాడే ఇళ్లకు హోమ్ విజిట్ అంటే సాధారణంగా నన్నే పంపుతారు. ఈ కేసు వివరంగా రాయడానికి కారణం ఒక్కటే. మన సరిహద్దు ఊళ్లలో అనాథ పిల్లల్ని చేరదీసే మనసున్న వాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లకి ప్రభుత్వం నుంచి నెలనెలా డబ్బు వస్తుందని చాలామందికి తెలియదు. తెలిసిన వాళ్లలో సగం మంది అది తీసుకోవడానికి సిగ్గుపడతారు. ఆ సిగ్గు వల్ల నష్టపోయేది పిల్లలు.

కేసు మా దగ్గరకు ఎలా వచ్చింది

తల్లి కర్మకాండలు అయ్యాక పిల్లలు పక్కింట్లో తిని, తమ ఇంట్లో పడుకుంటున్నారు. పదకొండేళ్ల పిల్ల రాత్రి తలుపు గడియ పెట్టుకుని తమ్ముణ్ని పక్కన పడుకోబెట్టుకునేది. బడిలో హెడ్‌మాస్టర్ ఈ సంగతి తెలుసుకుని పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేశారు. చాలామంది ఆ నంబరు పిల్లల్ని కొట్టినప్పుడు, బాల్యవివాహం జరుగుతున్నప్పుడు మాత్రమే అనుకుంటారు. పెద్దదిక్కు లేకుండా పిల్లలు ఉన్నారని తెలిసినా చెయ్యాలి. చట్టం ప్రకారం అలాంటి పిల్లల్ని చేరదీసి, ఆ సంగతి చెప్పకుండా ఊరుకోవడం తప్పు కూడా.

పిల్లల్ని బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరిచారు. అందరూ సీడబ్ల్యూసీ అనే ఈ సమితిలో ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు ఉంటారు, వాళ్లలో ఒక్కరైనా మహిళ ఉండాలి. దానికి మేజిస్ట్రేటు బెంచికి ఉండే అధికారాలున్నాయి. ఆ రోజు పిల్లలిద్దరూ ఒకరి చెయ్యి ఒకరు వదలలేదు. సమితి విచారణకు ఆదేశిస్తూ, అప్పటికే అన్నం పెడుతున్న పక్కింటి దంపతుల దగ్గరే తాత్కాలికంగా ఉండనిచ్చింది. పిల్లల్ని అనాథాశ్రమం లాంటి హోమ్‌కు పంపడం చివరి మార్గంగానే ఉండాలని చట్టం మూడో సెక్షన్‌లోనే చెబుతుంది. ఇక్కడ సమితి ఆ మాటను నిజంగా పాటించింది.

ముగ్గురు ముందుకొచ్చారు

చిన్నాన్న అదే ఊళ్లో ఉంటాడు. పిల్లలు తనకే కావాలన్నాడు. అయితే నాలుగు మాటలు మాట్లాడేసరికి సంగతి తెలిసింది. ఆయన భార్యకు నెలల బిడ్డ ఉంది, పెద్ద పిల్ల బడి మానేసి ఆ బిడ్డను చూసుకుంటే బాగుంటుందని వాళ్ల ఆలోచన. తమ్ముణ్ని ఏదైనా హాస్టల్‌లో వేద్దామన్నారు. అన్నయ్య పేరు మీదున్న ఇంటి స్థలం గురించి కూడా ఆయన రెండుసార్లు అడిగాడు. ఆయన చెడ్డవాడని నేను అనను. తనకూ ముగ్గురు పిల్లలు, సొంత పొలం లేదు. కానీ అక్కనీ తమ్ముణ్నీ విడదీసే ఏర్పాటు, పిల్లను బడి మాన్పించే ఏర్పాటు రిపోర్టులో సిఫార్సు చెయ్యలేం.

అమ్మమ్మ శ్రీకాకుళం జిల్లా పాతపట్నం వైపు ఉంటుంది. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్లింది, చుట్టాలు ఇటూ అటూ ఉండిపోయారు. మాకు వచ్చే చాలా కేసుల్లో ఒక అమ్మమ్మో మేనమామో గీతకి అవతల ఉంటారు. అమ్మమ్మకి ఆంధ్రలో నాలుగు వేల పింఛను వస్తుంది, ఆ డబ్బుతోనే బతుకుతోంది. కళ్లు సరిగా ఆనవు. ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టి అడిగితే, "ఈళ్లని నా కాడ ఉంచుకోవాలనే ఉంది తల్లీ. నాకే ఒకలు వండి పెడుతున్నారు. నాను ఏటి సేసీది?" అని చీర కొంగు నోట్లో పెట్టుకుంది.

ఆమె మాట మేం విన్నంత మాత్రాన సరిపోదు. ఆమె ఉండేది వేరే రాష్ట్రంలో కాబట్టి ఇక్కడి సమితి శ్రీకాకుళం వైపు జిల్లా బాలల రక్షణ విభాగాన్ని, అంటే డీసీపీయూను, ఆమె పరిస్థితి చూసి రిపోర్టు పంపమని రాసింది. పిల్లల సొంతూరు వేరే జిల్లాలో ఉందని తేలితే, పిల్లల మేలు చూసి కేసునే అక్కడికి బదిలీ చేసే వీలు సెక్షన్ 95లో ఉంది. ఇక్కడ ఆ అవసరం పడలేదు. పిల్లలు పుట్టి పెరిగింది ఒడిశాలోనే. అక్క ఒడియా మీడియంలో ఆరో తరగతి చదువుతోంది, ఎందుకంటే ఊళ్లో తెలుగు బడి ప్రైమరీ వరకే ఉంది. ఇప్పుడు ఆంధ్రకి మారిస్తే తల్లి పోయిన ఏడాదే పుస్తకాల లిపి కూడా మారిపోతుంది. ఈ కారణాన్ని రిపోర్టులో నేను గట్టిగానే రాశాను. శ్రీకాకుళం నుంచి కూడా అమ్మమ్మ ఒంటరిగా పెంచే స్థితిలో లేదనే రిపోర్టు వచ్చింది.

మూడోది పక్కింటి దంపతులు. ఆయన ఆటో నడుపుతాడు. ఆమె ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. ఒక కొడుకు, ఐటీఐ చదువుతున్నాడు. వీళ్లకీ పిల్లలకీ రక్తసంబంధం లేదు, కులం కూడా వేరు. తల్లి మంచం పట్టిన రోజుల నుంచి పిల్లలకు అన్నం పెట్టింది ఆమే.

బంధువా కాదా: డబ్బు దారి ఇక్కడే విడిపోతుంది

ఈ భాగం జాగ్రత్తగా చదవమని కోరుతున్నాను, మా దగ్గరకు వచ్చే ఫైళ్లలో ఎక్కువ ఆగిపోయేది ఇక్కడే.

కేంద్ర ప్రభుత్వ పథకం మిషన్ వాత్సల్య కింద, సంస్థల్లో కాకుండా ఇళ్లల్లో పెరిగే పిల్లలకు నెలకు ఒక్కొక్కరికి 4,000 రూపాయలు ఇస్తారు. అంతకుముందు ఇది 2,000 ఉండేది. మన రాష్ట్రాల్లో ఖర్చు కేంద్రం 60, రాష్ట్రం 40 పాళ్లలో భరిస్తాయి. ఈ 4,000 రెండు దారుల్లో వస్తుంది. పిల్లలు సొంత తల్లి దగ్గరో, అమ్మమ్మ, తాత, మేనమామ లాంటి బంధువుల దగ్గరో ఉంటే అది స్పాన్సర్‌షిప్. దానికి కుటుంబ ఆదాయ పరిమితి ఉంది: పల్లెల్లో ఏడాదికి 72,000, పట్టణాల్లో 96,000 రూపాయలు. రక్తసంబంధం లేని కుటుంబం పిల్లల్ని పెంచితే అది ఫోస్టర్ కేర్. ఇక్కడ లెక్క తిరగబడుతుంది. పేదరికం చూపించనక్కర్లేదు, పైగా పిల్లల అవసరాలు తీర్చేంత సొంత ఆదాయం ఉందా అని చూస్తారు.

ఈ కేసులో ఊళ్లో తెలిసినాయన ఒకరు మంచి ఉద్దేశంతోనే పక్కింటి ఆమె పేరున స్పాన్సర్‌షిప్ ఫారం నింపించి, ఆదాయ ధ్రువపత్రం జతచేసి ఇచ్చేశాడు. బంధుత్వం దగ్గర "పిన్ని" అని రాశారు, పిల్లలు అలాగే పిలుస్తారు కాబట్టి. ఆ ఫైలు తిరిగి వచ్చింది. తిరిగి రావడమే మంచిదైంది. అలాగే సాగిపోయి ఉంటే తర్వాత ఎప్పుడో బంధువు కాదని తేలి డబ్బు ఆగేది, అప్పుడు ఆ ఇంటి మీద మోసం చేశారన్న మాట పడేది. పిల్లలు ఎలా పిలిచినా కాగితం మీద ఉన్నదున్నట్టు రాయాలి.

దత్తతతో కూడా దీన్ని కలపకూడదు. ఫోస్టర్ కేర్‌లో పిల్లలు తమ ఇంటిపేరుతోనే ఉంటారు. తండ్రి ఆస్తి మీద వాళ్ల హక్కు ఎక్కడికీ పోదు, పెంచిన వాళ్ల ఆస్తి మీద హక్కు రాదు. అమ్మమ్మ, చిన్నాన్న వచ్చి చూడొచ్చు. చిన్నాన్నకి ఈ సంగతి సమితి ముందే వివరంగా చెప్పాం. స్థలం ఇంకొకళ్ల చేతికి పోదని తెలిశాక ఆయన గొంతు మారింది. ఇప్పుడు పండక్కి పిల్లలకి బట్టలు కొని తెస్తున్నాడు. బంధువుల భయం ఏమిటో అడిగి తెలుసుకుంటే సగం గొడవలు మొదలవకుండానే ఆగుతాయి.

హోమ్ స్టడీలో ఏం చూశాం

హోమ్ స్టడీ అంటే పెంచబోయే ఇంటిని పరిశీలించడం. ఫోస్టర్ తల్లిదండ్రులకు కావలసిన అర్హతలు నిబంధనల్లో ఉన్నాయి. భార్యాభర్తలిద్దరూ భారత పౌరులై ఉండాలి. ఇద్దరికీ ఆ బిడ్డను పెంచే ఇష్టం ఉండాలి. నేరశిక్ష పడి ఉండకూడదు. ఇంట్లో చోటు, కనీస సౌకర్యాలు ఉండాలి. ఇంట్లో వాళ్లందరి మెడికల్ రిపోర్టులు కావాలి, అందులో హెచ్‌ఐవీ, టీబీ, హెపటైటిస్ బీ పరీక్షలు ఉంటాయి. 2024లో కేంద్రం మార్చిన మార్గదర్శకాలతో పెళ్లికాని వాళ్లు, భర్త పోయినవాళ్లు, విడాకులు తీసుకున్నవాళ్లు కూడా 35 నుంచి 60 ఏళ్ల మధ్య ఉంటే ముందుకు రావచ్చు. ఒంటరి మహిళ ఆడపిల్లనైనా మగపిల్లాణ్నైనా పెంచవచ్చు, ఒంటరి మగవాడికి మగపిల్లాణ్నే ఇస్తారు. దంపతులైతే కనీసం రెండేళ్ల స్థిరమైన కాపురం ఉండాలి. పిల్లలు ఆరేళ్లు దాటిన వాళ్లై ఉండాలి.

టీబీ పరీక్ష అనేసరికి పక్కింటాయన మొహం చిన్నబోయింది. "మాకు రోగం ఉందని అనుమానమా?" అన్నాడు. నిజానికి ఆ ఇంటికి ఆ పరీక్ష వాళ్ల కోసమే అవసరం. తల్లికి టీబీ ఉన్నప్పుడు పిల్లలు అదే గదిలో పడుకున్నారు, పక్కింటి ఆమె రోజూ అన్నం పట్టుకుని వెళ్లేది. ఆశా కార్యకర్తను పిలిపించి ఇంట్లో ఐదుగురికీ పరీక్ష చేయించాం. ఎవరికీ జబ్బు లేదు. రాకుండా వేసుకునే మందులు పిల్లలకు ప్రభుత్వ ఆసుపత్రి నుంచే ఉచితంగా వచ్చాయి. ఈ రిపోర్టు ఊళ్లో ఇంకో పని కూడా చేసింది. ఆ పిల్లల దగ్గరకు తమ పిల్లల్ని వెళ్లనివ్వని ఇళ్లు రెండు మూడు ఉండేవి, ఆ భయం తగ్గింది.

కష్టమైన మాట ఇంకొకటి అడగాల్సి వచ్చింది. ఇంట్లో పద్దెనిమిదేళ్ల కుర్రాడు ఉన్నాడు, వచ్చేది పన్నెండో ఏట అడుగుపెడుతున్న ఆడపిల్ల. ఎవరెక్కడ పడుకుంటారు, స్నానం ఎక్కడ చేస్తారు, మీరిద్దరూ పనికి వెళ్తే ఇంట్లో ఎవరుంటారు అని అడిగాను. ఆమెకు కోపం వచ్చింది. "నా కొడుకుని అట్టా అనుకుంటారేటండి?" అంది. నేను మాట వెనక్కి తీసుకోలేదు. ప్రతి ఇంట్లోనూ ఇదే అడుగుతామని, అడక్కపోతే రేపు ఎవరైనా ఒక అపవాదు వేసినప్పుడు ఆ కుర్రాడికి కూడా రక్షణ ఉండదని చెప్పాను. ఆమె కాసేపు మిషన్ తొక్కుతూ ఉండిపోయింది. తర్వాత తనే ఏర్పాటు చెప్పింది. పిల్ల తన పక్కన పడుకుంటుంది. కొడుకు, తమ్ముడు ముందు గదిలో. స్నానాల గదికి గోనెపట్టా తీసేసి తలుపు, లోపలి గడియ పెట్టిస్తారు. ఆ తలుపు బిగించాకే నేను రిపోర్టు పూర్తి చేశాను. ఈ పని చేసేవాళ్లు ఇలాంటి ప్రశ్నలు మొహమాటపడి వదిలేయకూడదని నా గట్టి నమ్మకం.

భర్తతో, భార్యతో, కొడుకుతో వేర్వేరుగా మాట్లాడాం. పిల్లలతో విడిగా మాట్లాడాం. అక్క అడిగింది రెండే ప్రశ్నలు. తమ్ముణ్ని వేరే చోటికి పంపేస్తారా, పిన్నిని అమ్మా అని పిలవాలా. రెండింటికీ లేదని చెప్పాం. అక్కాతమ్ముళ్లను కలిపి ఉంచాలన్నది చట్టంలోనే ఉంది. ఎలా పిలవాలన్నది పిల్లల ఇష్టం.

"డబ్బులు మాత్రం మాకొద్దు"

అన్నీ కుదిరాయనుకున్నప్పుడు ఆమె ఈ మాట అంది. "గుంటల్ని సూసుకుంటాం మేడమ్. డబ్బులు మాత్రం మాకొద్దు. డబ్బులు తీసుకుంటే రేపు ఊళ్లో ఏటంటారు?" ఆయన కూడా తలూపాడు.

ఇలా అనే కుటుంబాలను మెచ్చుకుని ఫైలు మూసేసే అధికారులు ఉన్నారు. దీన్ని నేను ఒప్పుకోను. మొదటి ఏడాది మంచి మనసుతో గడిచిపోతుంది. రెండో ఏడాది ఆటోకి రిపేరు వస్తుంది, పెద్దాడి ఫీజు కట్టాలి, అప్పుడు పిల్లల ట్యూషన్ ముందు ఆగుతుంది. ఆ తర్వాత పాలు. ఎవరూ చెడ్డవాళ్లు కాకుండానే పిల్లలు ఆ ఇంట్లో రెండో వరసలోకి జరుగుతారు, అది పిల్లలకి మొదట తెలుస్తుంది.

అందుకని ఆమె చేతే లెక్క వేయించాను. ఇద్దరి తిండికి, పాలు, గుడ్లతో కలిపి నెలకు మూడున్నర వేలు పైగా అయ్యింది. సబ్బులు, నూనె, బట్టలు, చెప్పులు నెలకు పంచితే ఎనిమిది వందలు. ట్యూషన్, నోటు పుస్తకాలు ఎనిమిది వందలు. ఆసుపత్రి, అమ్మమ్మ ఊరి ప్రయాణం అయిదు వందలు. మధ్యాహ్నం బడిలో తింటారు కాబట్టి ఈ మాత్రంతో సరిపోయింది. ఇందులో ఆమె రాయనిది ఒకటుంది, దాన్ని నేను అడిగాను: పిల్లలు వచ్చాక వారానికి ఎన్ని జాకెట్లు తగ్గాయి? ఆమె ఆలోచించి, సగానికి సగం అంది. పిల్లల్ని పెంచడం అంటే డబ్బుతోపాటు చేతులూ పూటలూ పోతాయి, ఆ లెక్క ఎవరూ వెయ్యరు.

అప్పుడు చెప్పాను, ఇది మీకిచ్చే కూలి కాదు, దానం అంతకన్నా కాదు, ఈ ఇద్దరు పిల్లల పేరున ప్రభుత్వం విడిగా పెట్టిన డబ్బు. మీరు వద్దంటే మీరు వదులుకున్నట్టు కాదు, వాళ్లది వదిలేసినట్టు. ఆయనకి ఇది నచ్చింది. ఆమె ఒప్పుకుంది గానీ ఒక షరతు పెట్టింది. ఖర్చు పుస్తకం రాస్తానని, అది అమ్మమ్మకీ చిన్నాన్నకీ ఎప్పుడైనా చూపిస్తానని. అలాంటి పుస్తకం ఉండాలని నేను అడగలేదు. ఇప్పుడు ప్రతి కుటుంబానికీ చెబుతున్నాను.

ఆర్డర్ వచ్చింది, డబ్బు రాలేదు

హోమ్ స్టడీ, పిల్లల రిపోర్టు, మెడికల్, పోలీసు వెరిఫికేషన్ అన్నీ సమితి ముందుకు వెళ్లాయి. సమితి ఫోస్టర్ కేర్ ఆర్డర్ ఇచ్చింది, దంపతులు హామీపత్రం మీద సంతకం పెట్టారు. డబ్బు మంజూరు మాత్రం జిల్లాలో స్పాన్సర్‌షిప్, ఫోస్టర్ కేర్ ఆమోద కమిటీ చెయ్యాలి. ఆర్డర్ ఒక టేబుల్ మీద, డబ్బు ఇంకో టేబుల్ మీద ఉంటాయని కుటుంబాలకి ముందే చెప్పాలి.

ఈ కేసులో దసరా తర్వాత ఆర్డర్ వచ్చింది, మొదటి డబ్బు మార్చి పరీక్షల వేళకి పడింది. ఆలస్యానికి పెద్ద కారణాలు రెండు, రెండూ చిన్న కాగితాలవే.

ఒకటి, తమ్ముడి ఆధార్. పసిప్పుడు తీసిన ఆధార్‌లో వేలిముద్రలు ఉండవు. ఐదేళ్లు నిండాక వేలిముద్రలు, కళ్లు ఇచ్చి అప్‌డేట్ చేయించాలి. తల్లి జబ్బులో ఎవరికీ ఆ ధ్యాస లేదు. ఆధార్ సరిగా లేకపోతే ఖాతాలోకి నేరుగా వచ్చే డబ్బు ఆగుతుంది. ఆధార్ కేంద్రంలో తల్లిదండ్రులు రావాలన్నారు. ఇద్దరి మరణ ధ్రువపత్రాలు, సమితి ఆర్డర్ పట్టుకుని వెళ్తే పని అయ్యింది.

రెండోది బ్యాంకు. మైనర్ ఖాతా తెరవాలంటే కోర్టు ఇచ్చిన గార్డియన్ పత్రం కావాలని కౌంటర్‌లో పట్టుబట్టారు. సమితి ఆర్డర్ ఒడియాలో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి తీసుకుని, డీసీపీయూ నుంచి బ్యాంకుకు ఒక ఉత్తరం రాయించాం. ఖాతాలు పిల్లల పేరునే తెరిచారు, పెంపకం తల్లి వాటిని నడుపుతుంది. ఆర్డర్ చేతికి వచ్చిన రోజే ఆ ఉత్తరం కూడా అడిగి తీసుకోవడం మేలు.

ఆ నెలలు ఎలా గడిచాయి? ఆమె ఉన్న స్వయం సహాయక సంఘంలో చిన్న అప్పు తీసుకుంది. బడి నుంచి యూనిఫాం, పుస్తకాలు వచ్చాయి. చిన్నాన్న ఒక బస్తా బియ్యం వేశాడు. బకాయితో కలిపి డబ్బు పడ్డాక ముందు సంఘం అప్పు తీర్చింది. నా అనుభవంలో ఫోస్టర్ కేర్ విఫలమైన ఇళ్లలో ఎక్కువ భాగం ఈ మధ్య నెలల్లోనే చేతులెత్తేశాయి. బిడ్డ ఇంటికి వచ్చిన రోజు నుంచి మొదటి డబ్బు పడే దాకా ఖర్చుకి ఒక ఏర్పాటు జిల్లా స్థాయిలో ఉండాలి. అది వచ్చేదాకా కుటుంబంతో కూర్చుని, ఆరు నెలలు డబ్బు రాకపోతే ఏం చేస్తారో ముందే రాసుకోవడం మా పనిలో భాగం కావాలి.

ఇంట్లో ఏం జరిగింది

మొదటి వారాల్లో అక్క తన కంచంలో అన్నం సగం తమ్ముడికి పెట్టేది. బియ్యం డబ్బా వెనక బిస్కట్ ప్యాకెట్లు దాచేది. పిన్నికి అవి దొరికాయి. ఆమె అరవలేదు. ఒక డబ్బా తెచ్చి, "ఇది నీది, ఖాళీ అయితే నాకు సెప్పు" అని అటక మీద కాకుండా పిల్ల చేతికి అందే చోట పెట్టింది. ఇలా చేయమని మా శిక్షణలో చెబుతాం, ఆమెకి ఆ శిక్షణ అప్పటికి ఇంకా ఇవ్వలేదు.

తమ్ముడు రాత్రిళ్లు పక్క తడిపేవాడు. ముందు గదిలో పడుకునే కుర్రాడే పొద్దున్నే లేచి ఎవరికీ తెలియకుండా దుప్పటి తడిపి ఆరేసేవాడని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. వాడి గురించి నేనడిగిన ప్రశ్నలు వాడికి తెలుసు. ఒక్క మాట అనలేదు.

డబ్బు రావడం మొదలైంది, ఊళ్లో మాట కూడా మొదలైంది. "ఎనిమిది వేలకి పెంచుతున్నారు" అని ఎవరో అన్నది అక్క చెవిన పడింది. ఆ పిల్ల రెండు రోజులు సరిగా తినలేదు. నెలనెలా జరగాల్సిన తనిఖీకి వెళ్లినప్పుడు పిన్ని ఖర్చు పుస్తకం తీసి పిల్ల ముందే పెట్టింది. పాస్‌బుక్ ఎవరి పేరున ఉందో చదవమన్నాను. తన పేరు చదువుకుంది. మిగిలిన డబ్బుతో ఇద్దరి పేర్లా నెలకు వెయ్యి చొప్పున పోస్టాఫీసులో రికరింగ్ డిపాజిట్ వేస్తున్నారని అప్పుడే తెలిసింది ఆ పిల్లకి. పదకొండేళ్ల పిల్లకి ఇంటి లెక్కలన్నీ చెప్పనక్కర్లేదు. తన పేరున డబ్బు వస్తోందని, అది తన కోసమే ఖర్చవుతోందని తెలియాలి. అలాగని "నీ డబ్బు, నీ ఇష్టం" అని దాని బరువు కూడా పిల్ల మీద వెయ్యకూడదు. ఈ రెండింటి మధ్య ఎక్కడ ఆగాలో ప్రతి ఇంట్లో విడిగా చూసుకోవాల్సిందే.

మీ ఊళ్లో ఇలాంటి పిల్లలుంటే

దరఖాస్తు జిల్లా డీసీపీయూలో ఇవ్వచ్చు, కేంద్ర దత్తత సంస్థ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనూ చేసుకోవచ్చు. డబ్బు ఎవరికీ కట్టనక్కర్లేదు. ఎవరైనా ఏజెంటు ముందుకొస్తే నమ్మకండి. ఇంట్లో ఇప్పటికే పిల్లలు ఉంటున్నా ఆర్డర్ లేకుండా నెలలు గడపవద్దు. ఆర్డర్ లేని ఇంటికి డబ్బు రాదు, రేపు బంధువులు వచ్చి తీసుకెళ్లిపోతామంటే చెప్పడానికి కాగితమూ ఉండదు. తల్లిదండ్రుల మరణ ధ్రువపత్రాలు ముందుగా తెచ్చుకోండి, ఎందుకంటే మిగతావన్నీ వాటి మీదే నిలబడతాయి. పక్క రాష్ట్రంలో చనిపోయి ఉంటే అక్కడి నుంచి తెచ్చుకోవాలి. ఈ కేసులో తండ్రి పత్రం చెన్నై నుంచి రావడానికే చాలా కాలం పట్టింది.

మహారాష్ట్ర వైపు సిరొంచ, కిన్వట్ ప్రాంతాల తెలుగు కుటుంబాలకి రాష్ట్రం సొంతంగా నడిపే బాల సంగోపన యోజన కూడా ఉంది, నెలకు 2,250 రూపాయలు. అక్కడి డీసీపీయూలో రెండింటి గురించీ అడగండి.

ఇప్పుడు

పిల్లలు ఆ ఇంట్లోనే ఉన్నారు. ఆదివారాలు వీలైనప్పుడు ఆయన ఆటోలో అమ్మమ్మ దగ్గరకి తీసుకెళ్తాడు. దంపతులు ఈమధ్య దత్తత గురించి అడిగారు. కొత్త మార్గదర్శకాల్లో రెండేళ్లు పెంచాక ఆ దారి ఉంది, అంతకుముందు అయిదేళ్లు ఆగాల్సి వచ్చేది. అయితే దానికి ముందు పిల్లలు చట్టపరంగా దత్తతకి అర్హులని తేలాలి. అమ్మమ్మకి అది ఇష్టం లేదు, అక్క కూడా ఇప్పుడున్నట్టే ఉంటానంటోంది. నా అభిప్రాయం కూడా అదే. పద్దెనిమిదేళ్ల దాకా ఫోస్టర్ కేర్‌లో పెరగడం తక్కువ రకం పెంపకం ఏమీ కాదు.

రెండు పనులు మిగిలాయి. రేషన్ కార్డు ఇంకా చనిపోయిన తల్లి పేరు మీదే ఉంది, పిల్లల వాటా బియ్యం కొన్ని నెలలుగా రావడం లేదు. ఇంటి స్థలం పట్టా పిల్లలిద్దరి పేర్లకి మార్చాలని తహసీల్దార్ ఆఫీసులో దరఖాస్తు ఇచ్చాం. దాని మీద చిన్నాన్న సాక్షి సంతకం పెట్టాడు.